కండరాల వాపు జబ్బు: రక్తపరీక్ష ఏం చెబుతుంది?

కింద కూర్చుంటే లేవలేకపోవడం, మెట్లు ఎక్కలేకపోవడం, తల దువ్వుకోవడానికి చేతులు పైకెత్తలేకపోవడం. మీ ఇంట్లో ఎవరైనా కొన్ని వారాలుగా ఇలా ఇబ్బంది పడుతుంటే బద్ధకమనో, వయసు వల్లననో సరిపెట్టుకోకండి. అది మయోసైటిస్, అంటే కండరాల వాపు జబ్బు కావచ్చు.

రోగక్రిములతో పోరాడేందుకు మన ఒంట్లో యాంటీబాడీలు తయారవుతాయి. ఈ జబ్బులో రక్షణశక్తి పొరబడి సొంత శరీరం మీదే దాడి చేస్తుంది. అలా సొంత కణాలకు ఎదురు తిరిగినవే ఆటోయాంటీబాడీలు. రక్తపరీక్షలో ఏ రకం కనిపించిందో తెలిస్తే, దేన్ని కనిపెట్టి ఉండాలో డాక్టరుగారికి తెలుస్తుంది.

● యాంటీ జో-1: ఊపిరితిత్తులు, కీళ్లు దెబ్బతినవచ్చు. వేళ్ల చర్మం గరుకుగా మారి పగలవచ్చు.
● యాంటీ ఎండీఏ-5: కండరాల నీరసం అంతగా లేకపోయినా ఊపిరితిత్తులు త్వరగా పాడవవచ్చు.
● యాంటీ టిఐఎఫ్-1 గామా: పెద్దవారిలో క్యాన్సర్ ఎక్కడైనా దాగి ఉందేమో వెతకాలి. ఉందని మాత్రం కాదు.

పరీక్షలో ఏమీ కనిపించకపోయినా జబ్బు లేదని అర్థం కాదు.

ఇంట్లో మీరు గమనించాల్సినవి: పొడిదగ్గు, ఆయాసం, మింగేటప్పుడు పొలమారడం. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. కాస్త బాగుంది కదా అని స్టెరాయిడ్ మాత్రలు ఒక్కసారిగా ఆపవద్దు, ప్రాణానికే ప్రమాదం.

లేవలేనివారిని విసుక్కోకండి. చెయ్యి అందించండి.