బీదరు మదర్సా పలకలు: బడిలో నమూనా తయారీ

కర్ణాటకలోని బీదరు పట్టణంలో మహమూద్ గవాన్ మదర్సా ఉంది. ఇరాన్‌లోని గిలాన్ ప్రాంతం నుండి వచ్చి బహమనీ రాజ్యానికి ప్రధానమంత్రి అయిన గవాన్ దీనిని 1472లో కట్టించాడు. ఒకప్పుడు దీని ముఖభాగం రంగుల గాజుపూత గల మట్టి పలకలతో మెరిసేది. 1690ల దశకంలో జరిగిన మందుగుండు పేలుడులో కట్టడంలో కొంత భాగం కూలిపోయింది. నేడు మినారు మీద, గోడల మీద అక్కడక్కడ మాత్రమే పలకలు మిగిలాయి. ఊడిన ముక్క మళ్ళీ రాదు గనుక వాటిని తాకరాదు. అయితే చేతికి అందనిదే పనితనం పిల్లలకు బోధపడదు. ఆ లోటును నమూనా తీరుస్తుంది.

ఇరాన్ పనివారి మొజాయిక్ పద్ధతిలో ఒక్కొక్క రంగు పలకను విడిగా కాల్చేవారు. ఒక్కొక్క పూతకు తగిన వేడి వేరు కావడమే దీనికి కారణం. తరువాత పలకలను కావలసిన ఆకారాలకు చెక్కి, బోర్లా పేర్చి, వెనుక గచ్చు పోసి బిగించేవారు.

కాల్చిన పలకను చెక్కడం పిల్లలకు సాధ్యం కాదు. కాబట్టి బడిలో పచ్చిమట్టినే కోయించాలి. జల్లించిన కుండల మట్టిని అప్పడాల కర్రతో అర అంగుళం మందాన పరచాలి. చేతికి అంటనంతగా ఆరిన తరువాత, మినారు మీద ఉన్నటువంటి కోణాల చారలను కాగితంపై గీసి, దాని ప్రకారం కోయాలి. మట్టి ఆరి కాలేసరికి సుమారు పదో వంతు కుంచించుకుపోతుంది. అన్ని ముక్కలూ ఒకే మట్టితో, ఒకే మందంలో ఉంటేనే చివరకు ఒకదానికొకటి అతుకుతాయి. ఎండలో పెడితే వంకర తిరుగుతాయి గనుక నీడన ఆరబెట్టి, కుమ్మరి ఆవంలో కాల్పించాలి.

కాలిన ముక్కలను చెక్క చట్రంలో బోర్లా పేర్చి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయాలి. అది గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. ఆ పని పెద్దలే చేయాలి. బోర్లా పేర్చినప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి. అందుకే మొదటి పాఠానికి అక్షరాలకన్నా కోణాల చారలే అనువైనవి. బిగిసిన తరువాత తిరగేసి నీలం, తెలుపు, పసుపు పోస్టర్ రంగులు వేయించవచ్చు. పాతకాలపు గాజుపూతలు అనేకం సీసంతో చేసినవి; సీసం విషం. అటువంటి పూతను బడిలో వాడరాదు.

పలక వెనుక ‘నమూనా’ అనే మాటనూ, తయారు చేసిన సంవత్సరాన్నీ తప్పక వ్రాయించాలి. లేనిచో రేపు ఎవరైనా దానిని పాతదని చెప్పి అమ్మవచ్చు. ఆపై పిల్లలను బీదరు తీసుకువెళ్ళి, తాము చేసిన చారలను మినారుపై వెదకమనండి.