ఒకే మన్యంపై వాన.. రెండు దారుల్లో నీరు

అరకులోయ: మన్యం అందాలను చూడవచ్చే పర్యాటకులు లోయను, గుహలను, జలాశయాలను వేర్వేరుగా తిలకించి వెళ్తుంటారు. వాస్తవానికి వీటన్నింటినీ కలిపేది నీరే. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులోని అరకు, దాని చుట్టుపక్కల కొండలపై కురిసే వాన రెండు దారుల్లో సాగి బంగాళాఖాతాన్ని చేరుతుంది.

తూర్పున గోస్తనీ

అనంతగిరి కొండల్లో పుట్టే గోస్తనీ నది బొర్రా గుహల గుండా ప్రవహిస్తుంది. ఆ గుహలను మలిచినదీ నీరే. బొగ్గుపులుసు వాయువును కలుపుకొన్న వాననీరు స్వల్పంగా ఆమ్లగుణం పొంది సున్నపురాతిని కరిగిస్తుంది. పైకప్పు నుంచి బొట్టుబొట్టుగా రాలే నీరు ఆ సున్నాన్నే తిరిగి పేర్చడంతో శివలింగాల వంటి ఆకృతులు ఏర్పడ్డాయి. అనంతరం మైదానానికి దిగే గోస్తనీ, విజయనగరం జిల్లాలోని తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమిలి వద్ద సముద్రంలో కలుస్తుంది. విశాఖ నగరానికి అందే తాగునీటిలో తాటిపూడి వాటా కూడా ఉంది.

పడమట మత్స్యగెడ్డ

మాడుగుల కొండల్లో పుట్టిన మత్స్యగెడ్డ ఒడిశా సరిహద్దులో జోలాపుట్ జలాశయంగా నిలుస్తుంది. దిగువన డుడుమ జలపాతం ఉన్న చోట నీటి దూకుడును వినియోగించుకొని మాచ్‌ఖండ్ కేంద్రం 1955 నుంచి విద్యుత్తును ఉత్పత్తి చేస్తోంది. దాని సామర్థ్యం 120 మెగావాట్లు. ఆపై ఈ నీరు సీలేరుగా సాగి, శబరిలో కలిసి గోదావరిని చేరుతుంది.

అడవే ఆధారం

ఈ రెండు దారులకూ మూలం అడవి. రాలిన ఆకులు, వేళ్లు వాననీటిని పట్టి నేలలోకి ఇంకిస్తాయి. అదే నీరు వేసవిలో ఊటలై పైకి వస్తుంది. ఎన్నో గిరిజన పల్లెలకు ఆ ఊటలే ఆధారం. చెట్ల నీడన కాఫీ సాగుచేయడం వల్ల కూడా ఈ మేలు కొంత నిలుస్తోంది. చెట్లు పోతే వాన ఒక్కసారిగా జారిపోతుంది. దాంతోపాటు కొట్టుకొచ్చే మట్టి జలాశయాల్లో పూడికగా చేరుతుంది.

అనంతగిరి మండలంలోని బొర్రా ప్రాంత గనుల లీజులపై గిరిజనుల పక్షాన సాగిన సమత కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంత భూములను గిరిజనేతరులకు, ప్రైవేటు సంస్థలకు గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని స్పష్టం చేసింది. ఆ తీర్పు కాపాడినది గిరిజనుల భూహక్కు. ఆ భూమిపైనే నీటి ఊటలూ ఉన్నాయి.

అనంతగిరి వైపు గెడ్డలో పర్యాటకులు పారేసే చెత్త చేరేది తాటిపూడి దారిలోకే. కొండపై గెడ్డను శుభ్రంగా ఉంచడం గిరిజన పల్లెకు ఎంత అవసరమో, దిగువనున్న పట్టణానికీ అంతే అవసరం.