దారి పక్కవారికి ఒక మాట

సిరొంచ తాలూకాలోని బామ్ని మన పాఠకులలో కొందరికి చుట్టాల ఊరే. కచేరీ కాగితాలు మరాఠీలో, వంటింటి మాట తెలుగులో. అడవి వైపు కొంత దూరం నడిస్తే మాడియా గోండుల పలుకు వినవస్తుంది. ఆ మధ్య ఒక పెండ్లికని మేము అక్కడికి వెళ్ళాము. సాయంకాలం రోడ్డు పక్క టీ కొట్టు వద్ద కూర్చుని ఉండగా, టైరు పగిలి ఒక ట్యాంకరు లారీ ఆగిపోయింది. దాని వెనుక ఒక బొమ్మ, కొన్ని అంకెలు, ఇంగ్లీషులో రెండు ముక్కలు ఉన్నవి. పిల్లలు చుట్టూ మూగారు. ఒక పెద్దాయన బీడీ నోట పెట్టుకొనే లారీ కిందికి తొంగిచూశాడు. “ఇందులో ఏమున్నది బాబూ?” అని అడిగితే, “ఏమో తాతా, వాళ్ళు నింపారు, నేను తెచ్చాను” అన్నాడు డ్రైవరు.

ప్రమాదమేమీ జరుగలేదు. టైరు మార్చుకొని లారీ వెళ్ళిపోయింది. కాని ఆ జవాబు మాత్రం మమ్మల్ని వదలలేదు. 1989 నాటి మోటారు వాహనాల నియమాల ప్రకారం అపాయకరమైన సరుకు తోలే డ్రైవరుకు ఇంగ్లీషుతో పాటు ఒక భారతీయ భాష చదవను, వ్రాయను రావాలి. సరుకు ఎటువంటిదో, ఆపద వస్తే ఏమి చేయాలో అతనికి ముందే చెప్పాలి. మరి దారి పక్కవారికి చెప్పవలసినది ఎవరు?

ఇటువంటి సరుకులలో జనం ఎక్కువగా భయపడేది అణు పదార్థాలకు, అణు వ్యర్థాలకు. ఆ బండ్లు బామ్ని మీదుగా పోతున్నవని చెప్పడం మా ఉద్దేశం కాదు. వాటి విషయమై ఇతర చోట్ల ప్రభుత్వాలూ ప్రజలూ నేర్చుకొన్న పాఠం మనకూ పనికివస్తుందని మాత్రమే ఈ ప్రస్తావన.

మన దేశంలో జాదుగూడ గనుల నుండి, కడప జిల్లా తుమ్మలపల్లె నుండి శుద్ధి చేసిన యురేనియం హైదరాబాదులోని అణు ఇంధన సముదాయానికి చేరుతుంది. అక్కడ తయారైన ఇంధనం దేశంలోని అణు విద్యుత్ కేంద్రాలకు పోతుంది. వాడి తీసిన ఇంధనాన్ని బరువైన ఉక్కు, సీసపు పెట్టెలలో శుద్ధి కేంద్రాలకు తరలిస్తారు. ఆ పెట్టెల నమూనాకు పరీక్షలున్నవి: 9 మీటర్ల ఎత్తు నుండి గట్టి నేల మీద పడవేయడం, 800 డిగ్రీల మంటలో అరగంట ఉంచడం, 15 మీటర్ల నీటి లోతులో 8 గంటలు ముంచడం. వీటికి తట్టుకొని నిలిచినదే దారిన పోవాలి.

పెట్టె గట్టిదైనంత మాత్రాన నమ్మకం కుదరదు. జర్మనీలో 1995 నుండి 2011 వరకు గోర్లేబెన్ గ్రామానికి అణు వ్యర్థపు రైలు బయలుదేరినప్పుడల్లా రైతులు ట్రాక్టర్లతో దారికి అడ్డం నిలిచారు. వేలాది పోలీసులు కావలి కాయవలసి వచ్చింది. పాతిపెట్టే చోటును ప్రజలతో ఆలోచించక ముందే నిర్ణయించారన్నది వారి కోపం. చివరకు 2020లో ఆ చోటును జాబితా నుండే తొలగించారు.

అమెరికాలో మరొక విధంగా జరిగింది. న్యూమెక్సికో రాష్ట్రంలో ఉప్పు పొరలలో 655 మీటర్ల లోతున ఒక వ్యర్థ నిలయం 1999లో తెరిచారు. దానికి పది సంవత్సరాల ముందు నుండే పశ్చిమ రాష్ట్రాల గవర్నర్లు కేంద్ర ప్రభుత్వంతో కూర్చుని మాట్లాడారు. ఏ దారిన పోవాలి, మంచు తుపాను వస్తే బండి ఎక్కడ ఆగాలి, బయలుదేరే ముందు ఎవరు తనిఖీ చేయాలి, ఏ ఆసుపత్రికి శిక్షణ ఇవ్వాలి — అన్నీ కాగితం మీద పెట్టుకొన్నారు. దారిలోని రాష్ట్రాలకూ ఆదివాసి తెగలకూ శిక్షణ ఇవ్వాలని 1992 నాటి చట్టమే చెప్పింది. శాంటాఫే పట్టణం నడుమ నుండి లారీలు పోకుండా వేరే రోడ్డు వేశారు. ఇప్పటికి 13,000కు పైగా లారీలు ఆ నిలయానికి చేరినవి. అక్కడ లోపం లేదని కాదు. 2014లో సరిగా నింపని ఒక డ్రమ్ము భూగర్భంలో పగిలి, మూడేళ్ళ పాటు లారీలు ఆగిపోయినవి. అయినా ఆ లోపం డ్రమ్ము నింపిన చోటిది. దారిలో జరిగినది కాదు.

అణు సరుకు ఏనాడు, ఏ వేళకు పోతుందో ఊరంతా చాటమని ఎవరూ అడగరు. దొంగల భయం ఉన్నది. అయితే పసుపు చీటీ మీద నల్లని మూడు రెక్కల గుర్తు కనిపిస్తే దూరం జరగాలని నేర్పడానికి రహస్యమేమి అడ్డం? 2010లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుప బజారులో ఒక కోబాల్టు యంత్రాన్ని ఏమిటో తెలియక విప్పినందుకు ఒక మనిషి ప్రాణం పోయింది. తెలియకపోవడమే అక్కడ ప్రాణం తీసింది.

మన గడచిరోలి జిల్లాకు వస్తే, పనికి కావలసిన ఏర్పాటు కొంత ఉన్నది. 2005 నాటి చట్టం ప్రకారం విపత్తుల సంస్థకు కలెక్టరే పెద్ద. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు మాట ఇచ్చింది. 2022లో ప్రాణహిత పుష్కరాలకు నదికి ఇటొడ్డున మహారాష్ట్ర వారు, అటొడ్డున తెలంగాణ వారు ముందుగానే ఏర్పాట్లు చేసుకొన్నారు. పుణ్యస్నానానికి చేయగలిగినది ప్రాణరక్షణకు చేయలేరా?

మేము కోరేది పెద్దది కాదు. అపాయపు సరుకు గుర్తులను గూర్చి ఒక పటం గ్రామసభ గోడ మీద మరాఠీతో పాటు తెలుగులోను, గోండుల మాటలోను ఉండాలి. ప్రమాద స్థలానికి మొదట పరుగెత్తేది టీ కొట్టువాడు, ఆశా కార్యకర్త, బడి పంతులు. వారికి ఏడాదికి ఒక పూట శిక్షణ ఇవ్వాలి. ఏ నంబరుకు ఫోను చేయాలో అందరికీ తెలియాలి. ఇల్లు అంటుకొన్నాక బావి తవ్వితే ప్రయోజనమేమి?

బామ్నిలో బంధువులున్న మన సభ్యులు వచ్చే పండుగకు ఊరు వెళ్ళినప్పుడు ఈ మాట సర్పంచి చెవిన వేయవలెనని మా విన్నపము. అర్జీ మరాఠీలో వ్రాసిపెట్టగల పిల్లలు మన ఇండ్లలో కావలసినంతమంది ఉన్నారు. ఆ బీడీ పెద్దాయన అడిగిన ప్రశ్నకు ఇకనైనా ఒక జవాబు దొరకాలి.