చదివింది అర్థమైందా? సారాంశం చెప్పమనండి

ఆరో తరగతి చదివే పిల్లవాడు విజ్ఞానశాస్త్ర పాఠాన్ని ఎక్కడా తడబడకుండా గడగడా చదివేస్తాడు. ఉచ్చారణ చక్కగా ఉంటుంది, స్వరం స్పష్టంగా ఉంటుంది. వినే తల్లిదండ్రులకు సంతోషం కలుగుతుంది. "బాగా చదివావు నాయనా! ఇప్పుడు ఇందులో ఏం చెప్పారో నాలుగు మాటల్లో చెప్పు" అని అడిగి చూడండి. చాలామంది పిల్లలు మళ్లీ పుస్తకంలోకి తొంగిచూసి మొదటి వాక్యాన్నే తిరిగి చదువుతారు. కొందరు మౌనంగా నిలబడిపోతారు. కళ్లు అక్షరాలను చూశాయి, నాలుక వాటిని పలికింది, భావం మాత్రం మనసుకు చేరలేదు.

ఈ లోపం చిన్న తరగతుల్లో బయటపడదు. ప్రశ్నలకు జవాబులు కంఠస్థం చేసి గట్టెక్కవచ్చు. తొమ్మిది, పది తరగతులకు వచ్చేసరికి పాఠాలు పెరుగుతాయి, ప్రశ్నను కాస్త తిప్పి అడుగుతారు. పరీక్షలో అపరిచిత గద్యం ఇస్తే కంఠస్థం చేసినదేదీ అక్కరకు రాదు. అప్పుడు పిల్లవాడు "నాకు సైన్సు రాదు" అనే నిర్ణయానికి వచ్చేస్తాడు. నిజానికి అతనికి రానిది సైన్సు కాదు, చదివిన దాని నుంచి భావాన్ని గ్రహించడం. అది నేర్పితే వచ్చే విద్యే.

మన ఇళ్లలో ఈ సమస్యకు మరో కోణం ఉంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం, బడిలో తెలుగు లేదా ఇంగ్లీషు మాధ్యమం, మక్తబ్‌లో అరబీ పఠనం. పిల్లలు మూడు లిపులు చదవగలుగుతారు. ఇది గొప్ప వరం. అయితే అర్థం తెలియకపోయినా శుద్ధంగా పఠించే అలవాటు ఒకచోట ఏర్పడినప్పుడు, అదే పద్ధతి పాఠ్యపుస్తకానికీ పాకే అవకాశముంది. హిఫ్జ్ వేరు, ఫహమ్ వేరు. ధారణశక్తి ఒక అనుగ్రహం, అవగాహన మరో అనుగ్రహం. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది దానంతట అదే రాదు. దాని సాధన దానికి కావాలి.

ఆ సాధనల్లో సులభమైనది, ఖర్చు లేనిది ఒకటుంది. ప్రకృతి గురించి, విజ్ఞానం గురించి రాసిన చిన్న గద్యభాగాన్ని చదివి, పుస్తకం మూసి, దాని సారాంశాన్ని సొంత మాటల్లో చెప్పడం.

ప్రకృతి విషయాలే ఎందుకు?

కథను సంక్షిప్తం చేయమంటే ఒక్కొక్కరు ఒక్కో విధంగా చేస్తారు. ఎవరిది సరైనదో తేల్చడం కష్టం. విజ్ఞాన విషయాల్లో ఆ ఇబ్బంది తక్కువ. ఒక విషయం ఉంటుంది, దానికి కారణం ఉంటుంది, దాని ఫలితం ఉంటుంది. పిల్లవాడు కారణాన్ని ఫలితంగా, ఫలితాన్ని కారణంగా తారుమారు చేస్తే వెంటనే తెలిసిపోతుంది.

పైగా ఈ విషయాలు మన పిల్లలకు పరాయివి కావు. దివ్యఖుర్‌ఆన్‌లో 16వ సూరా పేరు అన్నహ్ల్, అంటే తేనెటీగ. 27వ సూరా అన్నమ్ల్, అంటే చీమలు. 29వ సూరా అల్ అన్కబూత్, అంటే సాలెపురుగు. ఈ పేర్లు వల్లించే పిల్లలకు ఆ జీవుల బతుకు ఎలా సాగుతుందో తెలుసుకోవాలనే ఆసక్తి సహజంగానే ఉంటుంది. అక్కడి నుంచే మొదలుపెడదాం.

మొదటి అభ్యాసం: తేనెటీగ

ఈ భాగాన్ని ఒకసారి నిదానంగా చదవండి.

"పూలున్న చోటును కనిపెట్టి తిరిగివచ్చిన తేనెటీగ తుట్టెపై ఒక ప్రత్యేకమైన నృత్యం చేస్తుంది. పొట్టను అటూ ఇటూ ఊపుతూ కొంతమేర తిన్నగా నడిచి, ఒకసారి కుడివైపుగా, మరోసారి ఎడమవైపుగా చుట్టు తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తుంది. తోటి ఈగలు దానిని అంటిపెట్టుకుని గమనిస్తాయి. నిలువుగా ఉన్న తుట్టెపై ఆ తిన్నని నడక నేరుగా పైకి సాగితే, పూలు సూర్యుడున్న దిక్కున ఉన్నాయని సూచన. నడక ఎంత పక్కకు ఒరిగితే, సూర్యుడి దిక్కు నుంచి అంత పక్కకు వెళ్లాలని అర్థం. పొట్ట ఊపుతూ నడిచే సమయం పెరిగేకొద్దీ పూలు ఎక్కువ దూరంలో ఉన్నట్లు. ఈ సంకేతాలను ఆస్ట్రియా దేశస్థుడైన శాస్త్రవేత్త కార్ల్ ఫాన్ ఫ్రిష్ విడమరిచి చెప్పారు. 1973లో మరో ఇద్దరు శాస్త్రవేత్తలతో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి లభించింది."

పిల్లలు దీనిని సాధారణంగా ఇలా సంక్షిప్తం చేస్తారు: "తేనెటీగలు నృత్యం చేస్తాయి. కుడివైపు, ఎడమవైపు తిరుగుతాయి. ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది."

ఇందులో అసత్యం ఒక్కటీ లేదు. అయినా ఇది సారాంశం కాదు. నృత్యం ఎందుకు అన్న ప్రశ్నకు ఇందులో జవాబు లేదు. పేరు, సంవత్సరం, బహుమతి వంటివి కంటికి ఇట్టే ఆనతాయి కనుక పిల్లలు వాటిని పట్టుకుంటారు. అసలు విషయం చేజారిపోతుంది.

దీనికి మందు మూడు ప్రశ్నలు. ఇది దేని గురించి? దాని గురించి ముఖ్యంగా ఏం చెప్పారు? అది ఎలా, లేదా ఎందుకు జరుగుతుంది? ఈ మూడింటికీ జవాబు చెప్పమంటే పిల్లవాడే ఇలా కూర్చుకోగలడు: "పూలున్న చోటును చూసివచ్చిన తేనెటీగ తన నృత్యంతో తోటి ఈగలకు దారి తెలుపుతుంది. నడక ఒరిగిన తీరు సూర్యుడిని బట్టి దిక్కును, పొట్ట ఊపే సమయం దూరాన్ని సూచిస్తాయి." రెండే వాక్యాలు. వాటిని విన్నవారికి అసలు భాగం చదవకపోయినా విషయం బోధపడుతుంది.

రెండో అభ్యాసం: మడ అడవి

"గోదావరి సముద్రంలో కలిసే ప్రాంతంలో, కాకినాడ సమీపాన కోరింగ వద్ద మడ అడవులున్నాయి. ఆటుపోట్లకు తడుస్తూ ఉండే అక్కడి బురదలో గాలి చాలా తక్కువ. అందువల్ల కొన్ని జాతుల మడచెట్ల వేర్లు, పెన్సిళ్లు గుచ్చిపెట్టినట్లు బురదలోంచి పైకి లేస్తాయి. వాటిపై ఉన్న సన్నని రంధ్రాల గుండా లోపలి వేర్లకు గాలి అందుతుంది. దట్టమైన వేర్ల మధ్య చేపపిల్లలు, రొయ్యపిల్లలు తలదాచుకుంటాయి. ఈ చెట్లు అలల వేగాన్ని తగ్గించి, తీరం కోతకు గురికాకుండా కొంతవరకు కాపాడతాయి."

ఇక్కడ జరిగే పొరపాట్లు వేరే రకం. "మడచెట్ల వేర్లన్నీ పైకి పెరుగుతాయి" అని ఒకరు రాస్తారు. భాగంలో ఉన్నది "కొన్ని జాతుల" అని. "మడ అడవులుంటే తుపాను భయం ఉండదు" అని మరొకరు రాస్తారు. తుపాను ప్రస్తావనే ఇందులో లేదు. అలల విషయంలోనూ "కొంతవరకు" అనే చెప్పారు. "వేర్లు పైకి లేవడం వల్ల బురదలో గాలి తగ్గింది" అని ఇంకొకరు కారణకార్యాలను తలకిందులు చేస్తారు.

సరైన సారాంశం ఇలా ఉండవచ్చు: "గాలి అందని బురదలో పెరిగే కొన్ని మడచెట్లు పైకి లేచిన వేర్ల ద్వారా గాలి తీసుకుంటాయి. మడ అడవులు చేపపిల్లలకు, రొయ్యపిల్లలకు ఆశ్రయమిస్తాయి, తీరాన్ని కోత నుంచి కొంతవరకు కాపాడతాయి."

"కొన్ని", "చాలావరకు", "కొంతవరకు", "అయితే", "తప్ప" వంటి మాటలు చూడటానికి చిన్నవి. భావానికి హద్దు గీసేవి అవే. మందు పొట్లంపై "భోజనం తరువాతే" అన్న మాటలో ఆ "తే" వదిలేస్తే ఏమవుతుందో తల్లులకు చెప్పనక్కరలేదు. ఫోనులో వచ్చిన ఆరోగ్య సందేశంలో "కొందరికి ఉపశమనం కలగవచ్చు" అన్నది నాలుగు చేతులు మారేసరికి "అందరికీ నయమవుతుంది" అయిపోతుంది. చదివిన దానిని ఉన్నది ఉన్నట్లుగా గ్రహించే అలవాటు లేని సమాజంలో అపోహలు ఇలాగే పుట్టి పెరుగుతాయి.

సారాంశం ఒక అమానత్

మన ధార్మిక విద్యా సంప్రదాయంలో ఈ జాగ్రత్తకు ఎంతో విలువ ఉంది. హదీసు ఉల్లేఖనలో రెండు పద్ధతులున్నాయి. విన్న పదాలను యథాతథంగా చెప్పడం రివాయత్ బిల్లఫ్జ్. భావాన్ని వేరే మాటల్లో చెప్పడం రివాయత్ బిల్‌మానా. పండితులలో అత్యధికులు రెండో పద్ధతిని కూడా అనుమతించారు. అయితే భాష బాగా తెలిసి, ఏ మాట మారిస్తే భావం మారుతుందో ఎరిగినవారికే ఆ అనుమతి. ఆ ఎరుక లేనివారు విన్న మాటలనే చెప్పాలి. సొంత మాటల్లో చెప్పడానికి కంఠస్థం కన్నా లోతైన అవగాహన కావాలని ఈ నియమమే చెబుతోంది.

విస్తృత గ్రంథాలను సంక్షిప్తం చేయడం కూడా మనకు పాత విద్యే. మదరసాలలో నేటికీ బోధిస్తున్న హనఫీ ధర్మశాస్త్ర గ్రంథం ముఖ్తసరుల్ ఖుదూరీ పేరులోనే "సంక్షిప్తం" ఉంది. తఫ్తాజానీ అలంకారశాస్త్రంపై ముతవ్వల్ అనే పెద్ద వ్యాఖ్య రాసి, దానిని తానే ముఖ్తసర్‌గా కుదించారు. ఇబ్నె రుష్ద్ (1126–1198) అరిస్టాటిల్ రచనలలో కొన్నింటికి చిన్నవి, మధ్యరకానివి, పెద్దవి అంటూ మూడు స్థాయుల్లో వ్యాఖ్యలు రాశారు. అసలు విషయమేదో తేల్చుకున్నవారే ఇలా ఒకే విషయాన్ని కుదించనూ గలరు, విస్తరించనూ గలరు.

పుస్తకం మూయడంలోని మేలు

సారాంశం చెప్పేటప్పుడు పుస్తకం మూసి ఉండాలన్న నియమం ముఖ్యం. 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఉన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ ఒక ప్రయోగ ఫలితాలను ప్రచురించారు. వారు విద్యార్థులకిచ్చిన రెండు చిన్న గద్యభాగాలూ విజ్ఞాన విషయాలే. ఒకటి సూర్యుడి గురించి, మరొకటి సముద్రంలో నివసించే నీటికుక్కల గురించి. ఒక భాగాన్ని విద్యార్థులు రెండోసారి చదివారు. రెండోదానిని మళ్లీ చదవకుండా, గుర్తున్నంతవరకు రాశారు. 5 నిమిషాల తరువాత పరీక్షిస్తే, రెండుసార్లు చదివినదే ఎక్కువగా గుర్తుంది. వారం తరువాత పరీక్షిస్తే ఫలితం తారుమారైంది. మళ్లీ చదివిన భాగంలో సుమారు 42 శాతం గుర్తుంటే, చూడకుండా రాసిన భాగంలో 56 శాతం గుర్తుంది.

మళ్లీ మళ్లీ చదవడం వల్ల "నాకు వచ్చేసింది" అన్న తృప్తి త్వరగా కలుగుతుంది. పుస్తకం మూసి చెప్పడం కష్టమనిపిస్తుంది. ఎక్కువ కాలం నిలిచేది మాత్రం ఆ కష్టపడి గుర్తుతెచ్చుకున్నదే.

ఇంట్లో ఎలా చేయించాలి?

మగ్రిబ్, ఇషా నమాజుల మధ్య 15 నిమిషాలు చాలు. వారానికి మూడు రోజులు చేయించినా మేలే. పాఠ్యపుస్తకంలోని ఒక పేరా, దినపత్రికలో ప్రకృతి గురించి వచ్చిన చిన్న వ్యాసం, ఏదైనా సరే. ఎనిమిది, పది వాక్యాలకు మించకూడదు.

మొదట మౌనంగా ఒకసారి చదవాలి. తెలియని మాటలుంటే అడిగి తెలుసుకోవాలి. రెండోసారి చదివేటప్పుడు ఒక్కో వాక్యం ఏ పని చేస్తోందో చూడాలి: విషయం చెబుతోందా, కారణం చెబుతోందా, ఉదాహరణ ఇస్తోందా? ఉదాహరణలు, పోలికలు సారాంశంలోకి రానక్కరలేదు. తరువాత పుస్తకం మూసి, ఇంటి భాషలో నోటితో చెప్పాలి. ఉర్దూలో చెప్పగలిగితే అర్థమైనట్లే. ఎందుకంటే పుస్తకంలోని తెలుగు వాక్యాన్ని ఉర్దూలో అప్పజెప్పడం కుదరదు. ఆ తరువాతే తెలుగులో రెండు, మూడు వాక్యాలు రాయాలి. చివరగా పుస్తకం తెరిచి సరిచూసుకోవాలి: ముఖ్యమైనదేదైనా వదిలానా? లేనిదేదైనా చేర్చానా? హద్దులు గీసే చిన్న మాటలు నిలిచాయా?

"మాకు తెలుగు చదవడం రాదు, పిల్లలకు ఏం నేర్పగలం?" అని బాధపడే తల్లులు, నానమ్మలు, అమ్మమ్మలు ఉన్నారు. ఈ అభ్యాసంలో వారే మేలైన పరీక్షకులు. బడి గురువుకు పాఠం ముందే తెలుసు గనుక, పిల్లవాడు సగం చెప్పినా మిగతా సగం ఆయనే మనసులో పూరించుకుంటారు. పాఠం తెలియని తల్లి అలా పూరించుకోలేదు. ఆమెకు అర్థమైతే పిల్లవాడు సరిగా చెప్పినట్లు. అర్థం కాకపోతే "అలా ఎందుకవుతుంది బేటా?" అన్న ఆమె ప్రశ్నే పిల్లవాడిని తిరిగి పుస్తకం వైపు నడిపిస్తుంది.

ఒక హెచ్చరిక. తప్పు చెప్పినప్పుడు గద్దించకండి, సరైన జవాబు వెంటనే అందించకండి. "మరొకసారి చూసి చెప్పు" అనండి చాలు. మొదటి పదిరోజుల్లో పిల్లలు మొదటి వాక్యాన్నే అప్పజెబుతారు. ఓపికతో సాగిస్తే, ఇన్షా అల్లాహ్, క్రమంగా సొంత మాటలు వస్తాయి.

ఈ రాత్రికి ఒక అభ్యాసం

"సాలెపురుగు గుండ్రంగా అల్లే వలలో పోగులన్నీ ఒకే రకం కావు. నడుమ నుంచి అంచులకు ఆకుల ఈనెల్లా సాగే పోగులకు జిగురు ఉండదు. వాటి చుట్టూ వలయాలుగా అల్లిన పోగులకు జిగురు ఉంటుంది, పురుగులు చిక్కుకునేది వాటికే. సాలెపురుగు ఎక్కువగా జిగురులేని పోగులపై నడుస్తుంది. వలలో పురుగు పడితే పోగులు కంపిస్తాయి, ఆ కంపనాన్ని కాళ్లతో పసిగట్టి అది అక్కడికి చేరుకుంటుంది. వల పాతబడినప్పుడు చాలా సాలెపురుగులు దానిని తినేసి, ఆ పదార్థాన్ని కొత్త పోగులకు వాడుకుంటాయి."

దీని సారాంశాన్ని మూడు వాక్యాలకు మించకుండా పిల్లల చేత చెప్పించండి. పెద్దలు కూడా విడిగా రాసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. "ఎక్కువగా", "చాలా" అన్న మాటలు ఎవరి సారాంశంలో నిలిచాయో, ఆకుల ఈనెల పోలికను ఎవరు వదిలేశారో గమనించండి.