గూడబాతు గూటిదాకా పాకే పురుగుమందు

కైకలూరు వైపు చుట్టాలున్నవాళ్ళు ఆటపాక చూసే ఉంటారు. అక్కడ గూడబాతు తల్లి చేపలు మింగి వచ్చి నోరు తెరుస్తుంది. పిల్ల ఆ గొంతు సంచీలోకి తల దూర్చి తింటుంది. చూస్తుంటే మన చంటాడికి గోరుముద్దలు పెట్టినట్టే ఉంటుంది! ఆ చేపలు కొల్లేటివి. మొన్న ఆదివారం మీరు పులుసు పెట్టిన కొరమీను కూడా ఆ నీళ్ళదే కావచ్చు.

మరి ఆ నీళ్ళు ఎక్కడివి? బుడమేరు, తమ్మిలేరుతో పాటు వరిచేల మురుగు కాలువలూ అందులోనే కలుస్తాయి. చేలో కొట్టిన మందు కొంత వానకి కొట్టుకొచ్చి కాలువల్లో పడుతుంది.

కొల్లేరును 1999లో ఐదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. (సరస్సును అరణ్యం అనడమేమిటని నవ్వకండి, చట్టంలో పేరు అంతే.) 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 32వ సెక్షను ప్రకారం, అభయారణ్యంలో వన్యప్రాణులకు హాని చేయగల రసాయనాలను ఎవరూ వాడకూడదు. "మా సొంత పొలం, మా ఇష్టం" అంటే కుదరదు. పట్టా భూమి, సర్కారు భూమి అన్న తేడా ఆ సెక్షనులో లేదు. నేరం రుజువైతే మూడేళ్ళ వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పాతిక వేల దాకా ఉన్న జరిమానాను 2022 సవరణలో లక్ష దాకా పెంచారు.

ఇంకేం, బాగానే ఉంది కదా అంటారా? ఫలానా మందు కొట్టొద్దని ఆ సెక్షనులో పేర్లేమీ లేవు. పైగా అది సరిహద్దు లోపలి మాట. ఎగువ చేలోంచి పారే నీటికి సరిహద్దు రాయి కనిపిస్తుందా?

అమెరికాలో ఇలాగే అయింది. కాలిఫోర్నియా తీరాన ఉన్న అనకాపా దీవి రక్షిత ప్రదేశమే. విషం దీవిలో పుట్టలేదు. లాస్ ఏంజిల్స్ దగ్గరి డి.డి.టి. ఫ్యాక్టరీ మురుగు సముద్రంలో కలిసి, చేపల్లో చేరి, వాటిని తిన్న గూడబాతుల ఒంట్లోకి వచ్చింది. గుడ్ల పెంకులు పలచబడి, పొదగబోయిన తల్లి బరువుకే చితికిపోయాయి. 1970లో ఐదు వందల పైచిలుకు గూళ్ళలో ఒక్కటంటే ఒక్క పిల్ల బతికింది. ఆ దేశంలో 1972లో డి.డి.టి.ని నిషేధించాక పక్షులు మెల్లగా కోలుకున్నాయి. మన దగ్గర వ్యవసాయంలో దాని వాడకాన్ని 1989లో ఆపేశారు.

అలాగని సరిహద్దు దాటితే చట్టమే లేదనుకోకండి. 1971 నాటి పురుగుమందుల నిబంధనల్లో 44వది మన పెరటిదాకా వస్తుంది. మిగిలిన మందు, ఖాళీ డబ్బాలు, పంపు కడిగిన నీళ్ళు, వేటివల్లా నీరుగానీ పరిసరాలుగానీ పాడవకూడదు. డబ్బాలు ఇంకొకరు వాడుకునేలా బయట పడేయకూడదు. పగలగొట్టి, ఇళ్ళకి దూరంగా పాతిపెట్టాలి.

మందు డబ్బా గట్టిగా ఉందని తోమి, కందిపప్పు పోసుకున్నవాళ్ళని నేనెరుగుదును! దయచేసి ఆ పని చేయకండి. కొత్త డబ్బా ఇంటికి రాగానే దాని మీది డైమండు గుర్తులో కింది సగం రంగు చూడండి. ఎరుపు అతి విషం, ఆ తర్వాత వరసగా పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ ఉంది కదా అని కాలువ గట్టున పోయకండి. నీళ్ళలో చేపకి ఎంత హానో ఆ రంగు చెప్పదు.

ఈసారి మందు కొట్టేటప్పుడు మీ వారితో ఓ మాట అనండి. పంపు కాలువలో కడగొద్దు, కడిగిన నీళ్ళు మందు కొట్టిన మడిలోనే చల్లాలి. ఆ మడి గండి కొన్నాళ్ళు తెరవొద్దు.