ఇమ్యూనిటీ పెంచుకుంటారా? ముందు కాలేయం సంగతి చూసుకోండి

కరోనా తగ్గినా ఇమ్యూనిటీ పిచ్చి తగ్గలేదు. పరగడుపున గ్లాసుడు తిప్పతీగ కషాయం ఇప్పటికీ చాలా ఇళ్లలో నడుస్తోంది. ‘తీగే కదా, ఏం చేస్తుంది?’ అంటారు. తిప్పతీగ వాడి కాలేయం దెబ్బతిన్న ఆరుగురి గురించి ముంబై వైద్యులు 2021లోనే రాశారు. మరుసటి ఏడాది పలు ఆస్పత్రులు కలిసి 43 మంది లెక్క చెప్పాయి. వాళ్లు వాడింది అసలు తిప్పతీగేనా అని ఆయుష్ శాఖ అడిగింది. సరే, కంచె మీద కోసుకొచ్చేవాళ్లకు మాత్రం తెలుసా?

అసలు పొరపాటంతా ‘పెంచడం’ దగ్గరుంది. 1882లో సిసిలీలోని మెస్సీనాలో జీవశాస్త్రవేత్త ఎలీ మెచ్నికాఫ్ నక్షత్రచేప లార్వాలో గులాబీ ముల్లు గుచ్చాడు. లోపలిదంతా బయటికి కనిపించే ఒళ్లు దానిది. తెల్లారి మైక్రోస్కోపులో చూస్తే ముల్లు చుట్టూ, చొరబడ్డవాటిని మింగే భక్షక కణాలు మూగి ఉన్నాయి. వాటికెవరూ కషాయం పొయ్యలేదు! రక్షణంతా రక్తరసంలోనే ఉందని వాదించినవాళ్లతో ఆయన ఏళ్ల తరబడి పోట్లాడాడు. చివరికి 1908 నోబెల్‌ను ఆ పక్షం వాడైన పాల్ ఎర్లిక్‌తోనే పంచుకున్నాడు. ఇద్దరి మాటా నిజమేనని తర్వాత తేలింది.

ఈ భక్షక కణాలు ఎంత రెచ్చిపోతే అంత మేలా? కీళ్లవాతంలో కీలును వాచేలా చేసేవాటిలో ఇవీ ఉంటాయి. కరోనా ముదిరి ఆక్సిజన్ పెట్టినవాళ్లకు డాక్టర్లు ఇచ్చిన స్టెరాయిడ్ రోగనిరోధక స్పందనను అణచడానికే. ముంబై రోగుల్లోనూ కొందరికి సొంత కాలేయం మీదే దాడి చేసే స్వభావం లోలోపల ఉంది. అలాంటివాళ్లలో రోగనిరోధక స్పందనను రెచ్చగొట్టడం బలం ఎలా అవుతుంది?

ఈ కణాల పనినే జబ్బనుకునేవాళ్లూ ఉన్నారు: చీము పడితే రక్తం చెడిందని టానిక్కులు కొంటారు. చీములో ఎక్కువ భాగం సూక్ష్మజీవులతో పోరాడి చచ్చిన తెల్లకణాలే.

పెరుగుతో ఆయుష్షు పెరుగుతుందన్న నమ్మకానికి ప్రచారం తెచ్చింది కూడా మెచ్నికాఫే. రోజూ పులిసిన పాలు తాగిన ఆయన 71 ఏళ్లకే పోయాడు. అయినా కొంత ఒప్పుకోక తప్పదు: పాలు పడనివాళ్లలో చాలామందికి పెరుగు తేలిగ్గా అరుగుతుంది. పెరుగన్నం మానొద్దు, దాన్ని మందు చెయ్యొద్దు.

కీళ్లవాతం, లూపస్, మార్పిడి చేసిన కిడ్నీ ఉన్నవాళ్లు ఇమ్యూనిటీ పేరుతో అమ్మేవాటి జోలికే వెళ్లొద్దు. మూత్రం ముదురు పసుపైతే, కళ్లు పచ్చబడితే కషాయం ఆపి ఆస్పత్రికి వెళ్లండి. ఏం మందులు వాడుతున్నారని డాక్టరు అడిగినప్పుడు, అది మందు కాదనుకుని తిప్పతీగ మాట దాచొద్దు.