ఎపాక్సీ మట్టితో నమూనాల తయారీ – విద్యార్థులు తెలుసుకోవలసిన విషయాలు

సైన్సు ప్రదర్శనల కోసం మన పిల్లలు ఎంతో శ్రమపడి నమూనాలు తయారుచేస్తారు. బంకమట్టితో చేసినవి రాయగడ నుండి భువనేశ్వర్ చేరేలోపు ప్రయాణపు కుదుపులకు పగులుతాయి. మైనంతో చేసినవి ఎండకు మెత్తబడతాయి. ఇందుకు చక్కని ప్రత్యామ్నాయం ఎపాక్సీ మట్టి. నీటి గొట్టం కారితే ఇంట్లో పెద్దలు పెట్టే ఎమ్‌సీల్ ఈ కోవలోనిదే. బొమ్మల కోసం తయారుచేసిన మెత్తని రకాలు మౌల్డిట్ వంటి పేర్లతో దొరుకుతాయి.

ఇది ఎలా గట్టిపడుతుంది?

పేరుకు మట్టి అయినా ఇది నీరు ఆరి గట్టిపడేది కాదు. ప్యాకెట్‌లో రెండు ముద్దలుంటాయి. ఒకటి రెజిన్, రెండవది హార్డెనర్. రెండింటినీ కలిపినప్పుడు రసాయన చర్య జరిగి, అణువుల గొలుసులు ఒకదానితో ఒకటి ముడిపడి వల వలె అల్లుకుంటాయి. ఇలాంటి వాటినే థర్మోసెట్టింగ్ పాలిమర్లు అంటారు. బేకలైట్ కూడా ఈ తరగతిదే. ఒకసారి బిగిస్తే మళ్ళీ కరిగించలేము.

ఉష్ణోగ్రత పెరిగితే చర్య వేగం పెరుగుతుంది. కనుక రాయగడలో వేసవిలో త్వరగా బిగుస్తుంది. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్‌లో డిసెంబరు చలికి ఆలస్యమవుతుంది. వేసవిలో కొద్దికొద్దిగా కలుపుకోవాలి. చలికాలంలో ఒక రోజు అదనంగా కేటాయించుకోవాలి.

ఒక ఉదాహరణ

మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఆంధ్రప్రదేశ్, ఒడిశాల ఉమ్మడి ప్రాజెక్టు. 1955లో ప్రారంభమైంది, సామర్థ్యం 120 మెగావాట్లు. దీని నమూనా చేయాలనుకుందాం. 30 × 20 సెం.మీ. చెక్కపై 3 మి.మీ. మందాన మట్టి పరచడానికే 180 ఘన సెం.మీ. కావాలి. ఖర్చు చాలా ఎక్కువ. కాబట్టి ఇలా చేయండి:

1. కొండలను పాత వార్తాపత్రికలు, మైదా జిగురుతో చేసి బాగా ఆరనివ్వండి. థర్మోకోల్ ముక్కలైనా వాడవచ్చు.

2. జోలాపుట్ ఆనకట్ట, నీటి గొట్టాలు, విద్యుత్ కేంద్రం వంటి భాగాలకే ఎపాక్సీ మట్టి వాడండి. సన్నని భాగాల లోపల ఇనుప తీగ ఉంచండి.

3. రెండు ముద్దలను సమానంగా తీసుకుని (ప్యాకెట్‌పై వేరే కొలత ఉంటే దాని ప్రకారం), చారలు లేకుండా ఒకే రంగు వచ్చేవరకు పిసకండి. చారలు మిగిలితే ఆ భాగం ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది.

4. తడి వేలితో నునుపు చేసి, ఒక రోజు కదపకుండా ఉంచండి. తరువాత ఎమరీ కాగితంతో రుద్ది, అక్రిలిక్ రంగులు వేయండి.

మరమ్మతులు

విరిగిన బొమ్మలు, పూలకుండీలు, జామెట్రీ పెట్టె మూత వంటివి దీనితో బాగుచేసుకోవచ్చు. అతికే చోట నూనె, దుమ్ము తుడిచి, కొద్దిగా గరుకు చేయాలి. పాలిథీన్‌కు ఇది సరిగా అంటుకోదు. వంట పాత్రలు, ప్రెషర్ కుక్కర్, గ్యాస్ గొట్టాలకు ఎట్టి పరిస్థితులలోనూ వాడరాదు.

తల్లిదండ్రులకు మనవి

గట్టిపడకముందు ఈ పదార్థం చర్మానికి తగిలితే కొందరికి దురద, దద్దుర్లు రావచ్చు. ఒకసారి అలెర్జీ మొదలైతే తరువాత కొద్దిగా తగిలినా తిరగబెడుతుంది. పిల్లలకు చేతి తొడుగులు ఇవ్వండి. గాలి వచ్చే చోట కూర్చోబెట్టండి. చేతులను సబ్బుతో కడిగించండి, థిన్నర్, పెట్రోలు వద్దు. రుద్దేటప్పుడు కాగితాన్ని తడిపి, మాస్కు పెట్టుకోవాలి. ఇంట్లో చిన్నపిల్లలకు ప్యాకెట్ అందనీయకండి.

ఇంకొక మాట. నమూనాను పెద్దలు చేసి ఇవ్వవద్దు. నిర్ణేతలు ముందుగా అడిగేది "ఇది ఎలా పనిచేస్తుంది?" అనే. చేతులతో చేసిన విద్యార్థి తడుముకోకుండా జవాబు చెప్పగలడు. కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ మానక్ పథకంలో ఎంపికైన విద్యార్థి బ్యాంకు ఖాతాలో నమూనా తయారీకి 10,000 రూపాయలు జమ చేస్తారు. దరఖాస్తు పాఠశాల ద్వారానే వెళ్ళాలి, ఆలోచన విద్యార్థి సొంతదై ఉండాలి. కనుక పిల్లల పేరున ఖాతా ఇప్పుడే తెరిచి, ప్రధానోపాధ్యాయులను కలవండి.